కంచె వేయడం, కంచెను కాయడం

2015 ఆగస్టు మొదటి వారంలో రష్యాలోని ఒక వార్తల సైట్‌లో నడుస్తున్న ప్రకటన, ఆ పేజీ తెరిచినవాళ్ల కంప్యూటర్లలో ఫైళ్లు వెతుకుతోందని బయటపడింది. ఎవరూ దాన్ని నొక్కనక్కర్లేదు, ఏదీ డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్‌లో పీడీఎఫ్‌లు చూపించే భాగంలో ఉన్న ఒక్క లొసుగు దానికి సరిపోయింది. లైనక్స్ వాడేవాళ్ల దగ్గర అది వేటికోసం గాలించిందో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లు తర్వాత వివరంగా చెప్పారు. టెర్మినల్‌లో ఇదివరకు కొట్టిన కమాండ్ల చరిత్ర, డేటాబేసుల చరిత్ర, వేరే సర్వర్లలోకి వెళ్లడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీలు, ఫైల్‌జిల్లా లాంటి ప్రోగ్రాముల సెట్టింగులు, పేరులో 'పాస్' అనో 'యాక్సెస్' అనో ఉన్న టెక్స్ట్ ఫైళ్లు. దొరికినవాటిని యుక్రెయిన్‌లో ఉన్నట్టు కనిపించిన ఒక సర్వర్‌కు చేరవేసింది. తాను వచ్చి వెళ్లినట్టు ఏ ఆనవాలూ మిగల్చలేదు. ఆగస్టు 6న మొజిల్లా సవరణ విడుదల చేసింది.

ఈ సంఘటనలో లైనక్స్ అనుమతుల వ్యవస్థ ఎక్కడా తప్పలేదు. నన్ను బాగా ఆలోచింపజేసింది ఆ విషయమే. బ్రౌజర్ నా పేరిట నడుస్తుంది కాబట్టి నేను చదవగలిగిన ఫైలునల్లా అదీ చదవగలదు. యునిక్స్ పుట్టిన రోజుల్లో ఒక పెద్ద యంత్రాన్ని పదిమంది పంచుకునేవాళ్లు. ఒకరి ఫైళ్లు మరొకరు చూడకుండా ఉంటే చాలనుకుని ఆ నియమాలు రాసుకున్నారు. ఇప్పుడు మన బల్లమీద ఉన్న యంత్రానికి మనిషి ఒక్కడే. అందులో నడిచే ప్రోగ్రాములు వందలు, వాటిని రాసినవాళ్లు వేలమంది, వాటి చేతికి వచ్చే ఫైళ్లు ఎక్కడెక్కడివో. మనుషుల నుంచి మనుషుల్ని కాపాడే నియమం, నా సొంత ప్రోగ్రాముల నుంచి నన్ను కాపాడలేదు.

నా హోమ్ ఫోల్డర్‌లో ఉన్నవి తలుచుకుంటే ఈ మాట బరువు తెలుస్తుంది. అమ్మ పేరిట ఉన్న పట్టాదారు పాసుపుస్తకం స్కాన్, ఇంటిల్లిపాది ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, పెళ్లి ఫొటోలు, సగంలో ఆగిన వ్యాసాలు. వాటి పక్కనే డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్. అందులో ఎవరెవరో స్కాన్ చేసి పెట్టిన పాత పుస్తకాల పీడీఎఫ్‌లు, వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన సర్క్యులర్లు, శుభలేఖలు. తెలుగులో పాత పుస్తకం కావాలనుకున్న పాఠకుడు ఏదో ఒకరోజు ఊరూపేరూ లేని పీడీఎఫ్ తెరవక తప్పదు. ఆ పీడీఎఫ్‌కూ పాసుపుస్తకానికీ మధ్య మామూలుగా ఏ అడ్డూ ఉండదు.

సాండ్‌బాక్స్ ఆ అడ్డు. ఒక ప్రోగ్రామును నడిపేటప్పుడు దానికి కనిపించే ప్రపంచాన్ని చిన్నది చేయడమే దాని పని. పీడీఎఫ్ చూపించే ప్రోగ్రాముకు ఆ పీడీఎఫ్ కనిపిస్తే చాలు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు ఉన్న ఫోల్డర్ ఉన్నట్టే తెలియనక్కర్లేదు. ఇంటర్నెట్ అసలే అక్కర్లేదు. లైనక్స్ కెర్నెల్ ఇందుకు కావలసిన సరంజామాను ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా సమకూర్చుకుంది. 2005లో సెక్‌కాంప్ వచ్చినప్పుడు అది చాలా కఠినమైనది. దానిలోకి వెళ్లిన ప్రోగ్రాము చదవడం, రాయడం, ముగించుకోవడం, సిగ్నల్ నుంచి తిరిగిరావడం తప్ప మరేమీ చేయకూడదు. 2012లో ఏ సిస్టమ్ కాల్‌కు, అంటే ప్రోగ్రాము కెర్నెల్‌ను అడిగే ఏ పనికి, అనుమతివ్వాలో ఏది ఆపాలో మనమే రాసుకునే వీలు వచ్చింది. 2013లో మామూలు యూజర్ కూడా తన సొంత నేమ్‌స్పేస్, అంటే మిగతా యంత్రం నుంచి వేరుచేసిన చిన్న ప్రపంచం, సృష్టించుకునే సౌకర్యం వచ్చింది. వీటి మీద ఆధారపడి 2014లో ఫైర్‌జైల్, ఆ తర్వాత ఫ్లాట్‌పాక్, దాని కింద పనిచేసే బబుల్‌రాప్ వచ్చాయి. 2021లో లాండ్‌లాక్ కెర్నెల్‌లో చేరింది. ఇవేవీ కొనుక్కోవలసినవి కావు. ఒక కమాండ్ కొడితే వచ్చేస్తాయి.

అంత సులువుగా వచ్చేస్తాయి కాబట్టే ఒక భ్రమ పుడుతుంది. ఇన్‌స్టాల్ చేశాం, ఇక రక్షణ ఉంది అనుకుంటాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఆ భ్రమ గురించే. సాండ్‌బాక్స్ అంటే బయట ఉన్న ప్రపంచం గురించి ఒకరు రాసిపెట్టిన వర్ణన. ఫలానా ఫోల్డర్లు ప్రమాదం, ఫలానా కాల్స్ ప్రమాదం, ఫలానా సాకెట్ ఇవ్వవచ్చు అని ఆ రోజున ఉన్న కెర్నెల్‌నీ ఆ రోజున ఉన్న ప్రోగ్రాములనూ చూసి రాసిన వర్ణన. ఆ రోజు గడిచిపోతుంది, వర్ణన మాత్రం అలాగే ఉంటుంది.

ఫైర్‌జైల్ ప్రొఫైల్ ఫైలు ఒకటి తెరిచి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరుచుకునే చిన్న ఫైలు. ఒక్కో లైనులో ఒక్కో నియమం. 'బ్లాక్‌లిస్ట్' అని రాసి ఒక ఫోల్డర్ పేరిస్తే అది ఆ ప్రోగ్రాముకు అందదు. 'వైట్‌లిస్ట్' అని రాస్తే అదే కనిపిస్తుంది, దాని చుట్టుపక్కలవి మాయమవుతాయి. 'నెట్ నన్' అంటే నెట్‌వర్క్ లేదు. 'క్యాప్స్ డ్రాప్ ఆల్' అంటే ప్రత్యేకాధికారాలేవీ ఉండవు. మధ్యలో 'ఇన్‌క్లూడ్' అన్న లైన్లు అందరికీ వర్తించే జాబితాలను తెచ్చి కలుపుతాయి. ఇలాంటి ప్రొఫైళ్లు ఫైర్‌జైల్‌తో వెయ్యికి పైగా వస్తాయి. ప్రతి ఒక్కటీ ఎవరో ఒక మనిషి ఆ ప్రోగ్రామును వాడి చూసి, ఏది ఆపితే అది పనిచేయడం మానేస్తుందో గమనించి రాసింది. ఆ ప్రోగ్రాము తర్వాతి వెర్షన్‌లో తన సెట్టింగులను కొత్త ఫోల్డర్‌లోకి మార్చుకుంటే పాత ప్రొఫైల్‌కు ఆ సంగతి తెలియదు. అప్పుడు ప్రోగ్రామైనా మొరాయిస్తుంది, దాచవలసిందైనా బయటపడి ఉంటుంది. మొరాయిస్తే మనకు తెలుస్తుంది. బయటపడి ఉంటే తెలియదు.

2021 అక్టోబరులో ఫ్లాట్‌పాక్ వాళ్లు బయటపెట్టిన ఒక లోపం ఈ మాటకు నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే మంచి ఉదాహరణ. సాండ్‌బాక్స్ లోపల ఉన్న యాప్ ఫైల్ సిస్టమ్‌ను తన ఇష్టం వచ్చినట్టు అమర్చుకోకూడదు. అందుకోసం ఫ్లాట్‌పాక్ తన సెక్‌కాంప్ ఫిల్టర్‌లో మౌంట్‌కు సంబంధించిన సిస్టమ్ కాల్స్‌ను ఆపేసింది. రాసినప్పుడు ఆ జాబితా సరైనదే. అయితే 2019లో వచ్చిన లైనక్స్ 5.2 అదే మౌంట్ పని చేయడానికి కొత్త కాల్స్ తెచ్చింది. పాతవాటి పేర్లు జాబితాలో ఉన్నాయి, కొత్తవాటివి లేవు. బయటినుంచి సేవలు అందించే పోర్టల్స్ ఒక యాప్ సాండ్‌బాక్స్‌లో ఉందా లేదా అని తేల్చుకునేది దానికి కనిపించే ఒక చిన్న గుర్తింపు ఫైలును చూసి. కొత్త కాల్స్ సాయంతో ఆ ఫైలును తారుమారు చేయగల యాప్, నేను లోపలిదాన్ని కాను, బయటి మామూలు ప్రోగ్రామునే అని నమ్మించగలదు.

ఇందులో ఎవరూ తప్పుడు లైను రాయలేదు. ఉన్న లైను ఎవరూ చెరపలేదు. జాబితా నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. మారింది కెర్నెల్. కదలకుండా ఉండటం వల్లనే ఆ రక్షణ చెడింది. ఇనుము తుప్పు పట్టినట్టు సాఫ్ట్‌వేర్ తనంతట తాను పాడవదని ఇంజనీర్లు అంటారు. ఆ మాట చాలా రకాల సాఫ్ట్‌వేర్‌కు నిజం కావచ్చు గాని రక్షణ కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌కు నిజం కాదు. దాని విలువంతా బయటి ప్రపంచంతో దానికున్న పొంతనలో ఉంటుంది.

పొంతన తప్పడం రెండోవైపు నుంచి కూడా జరుగుతుంది. 2021 ఆగస్టులో జీలిబ్‌సీ అనే లైబ్రరీ 2.34 వెర్షన్ విడుదలైంది. కొత్త థ్రెడ్ పుట్టించడానికి అది 'క్లోన్‌త్రీ' అనే కొత్త కాల్‌ను ముందు ప్రయత్నిస్తుంది. ఆ కాల్ ఈ కెర్నెల్‌లో లేదు అని జవాబు వస్తే పాత పద్ధతికి మళ్లుతుంది. అప్పటికి చలామణీలో ఉన్న, కంటెయినర్లు నడిపే డాకర్ పాత వెర్షన్ల ఫిల్టర్‌కు ఆ కాల్ పేరే తెలియదు. తెలియనిదానికి అది ఇచ్చే జవాబు 'లేదు' కాదు, 'అనుమతి లేదు'. ఆ జవాబుకు వెనక్కి మళ్లే దారి జీలిబ్‌సీలో రాయలేదు. దాంతో కొత్త ఉబుంటు, ఫెడోరా కంటెయినర్లు పాత డాకర్ మీద నడవలేక కూలబడ్డాయి. డాకర్ సవరించిన వెర్షన్ ఇచ్చాక సర్దుకుంది. అనుమానంగా ఉన్నదాన్నల్లా ఆపేస్తే క్షేమమే కదా అని తేలిగ్గా అనిపిస్తుంది. కాని పాతబడిన ఫిల్టర్ నిర్దోషిని కూడా ఆపుతుంది. అలా ఆగిపోయినప్పుడు మనిషి సాధారణంగా చేసేది అప్‌డేట్ కాదు, సాండ్‌బాక్స్‌ను తీసేయడం. పని ఆగకూడదు కదా. పాత సాండ్‌బాక్స్‌లు చాలావరకు దాడులకు ఓడిపోవు, చిరాకుకు ఓడిపోతాయి.

ఒకసారి సరిచేసినది మళ్లీ సరిచేయవలసి రావడం కూడా ఈ రంగంలో మామూలే. టెర్మినల్ కథ చూడండి. లైనక్స్ టెర్మినల్‌కు చాలా పాత సౌకర్యం ఒకటి ఉంది. ఒక ప్రోగ్రాము తాను నడుస్తున్న టెర్మినల్‌లోకి అక్షరాలు తోసి, వాటిని యూజరే టైపు చేసినట్టు కనిపించేలా చేయగలదు. టీఐఓసీఎస్‌టీఐ అని దాని పేరు. సాండ్‌బాక్స్ లోపల ఉన్న ప్రోగ్రాము ఒక కమాండ్‌ను ఇలా తోసేసి తాను ముగించుకుంటే, బయట ఉన్న షెల్ ఆ కమాండ్‌ను నడిపేస్తుంది. 2017లో బబుల్‌రాప్ విషయంలో ఇది బయటపడింది. ఫ్లాట్‌పాక్ ఆ సౌకర్యాన్ని తన ఫిల్టర్‌లో ఆపేసింది. 2019లో ఆ ఆపడంలోనే లోపం కనిపించింది. ఫిల్టర్ మొత్తం 64 బిట్ల సంఖ్యను పోల్చి చూస్తోంది, కెర్నెల్ మాత్రం కింది 32 బిట్లనే పట్టించుకుంటుంది. పైబిట్లలో ఏదైనా ఒకటి మార్చి పంపితే ఫిల్టర్‌కు అది వేరే సంఖ్య, కెర్నెల్‌కు మాత్రం అదే ఆజ్ఞ. దాన్నీ సరిచేశారు. 2023లో అలాంటి పనే చేయగల మరో కాల్ కనిపించింది. అది వర్చువల్ కన్సోల్‌లో నడిపినప్పుడు మాత్రమే ప్రమాదం. దాన్నీ ఆపారు. ఆ ఏడాదే లైనక్స్ 6.2 ఈ పాత సౌకర్యాన్ని పూర్తిగా ఆపేసుకునే వీలు కల్పించింది.

ఇదంతా చదివి, ఇన్నిసార్లు ఓడిన రక్షణ ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. నాకు దీనిలో ఓటమి కనిపించదు. ఒకే చిక్కును ఆరేళ్ల పాటు వదలకుండా పట్టుకుని, ప్రతిసారీ ఇంకొంచెం లోతుకు వెళ్లి, చివరికి దాన్ని కెర్నెల్ స్థాయిలోనే ఆపగలిగేదాకా తెచ్చిన మనుషులు కనిపిస్తారు. అయితే ఆ ఆరేళ్ల శ్రమ ఫలితం ఎవరికి అందింది? అప్‌డేట్ చేసుకుంటూ వచ్చినవాడికి. 2018లో వేసుకున్న ఫ్లాట్‌పాక్‌ను అలాగే వదిలేసినవాడి కంప్యూటర్లో మొదటి సవరణ మాత్రమే ఉంది. అది సగం సవరణ అని ప్రపంచమంతటికీ తెలిసిపోయి ఏళ్లయింది. లోపం రహస్యంగా ఉన్నంతకాలం దాన్ని వాడుకోగలవాళ్లు కొద్దిమంది. సవరణ వెలువడిన రోజున ఆ లోపం ఎక్కడ ఉందో చదవడం వచ్చిన ప్రతివాడికీ తెలుస్తుంది. మంచివాళ్ల కోసం వేసిన సవరణ, అప్‌డేట్ చేసుకోనివాళ్ల పాలిట దాడిచేసేవాడి చేతికి ఇచ్చిన పాఠమవుతుంది.

ఇంతకంటే కఠినమైన సంగతి ఇంకొకటుంది. కంచే చేను మేసినట్టు, రక్షణ కోసం పెట్టుకున్న సాఫ్ట్‌వేరే ప్రమాదానికి మార్గం కావచ్చు. ఫైర్‌జైల్ పనిచేసే తీరు చూడండి. మామూలు యూజర్ నడిపినా అది రూట్ అధికారంతో, అంటే యంత్రం మొత్తం మీద పెత్తనంతో, మొదలై, కావలసిన అమరికలు చేసి, ఆ తర్వాత అధికారం వదులుకుంటుంది. ఆ కాసేపటిలో అది చేసే ప్రతి పనీ పొరపాటు లేకుండా ఉండాలి. 2022 జూన్‌లో సూసే సెక్యూరిటీ బృందానికి చెందిన మథియాస్ గెర్స్ట్‌నర్ అలాంటి ఒక పొరపాటును బయటపెట్టాడు. నడుస్తున్న సాండ్‌బాక్స్‌లోకి వెళ్లి చేరడానికి ఫైర్‌జైల్‌లో 'జాయిన్' అనే ఆప్షన్ ఉంది. దాడిచేసేవాడు ఒక దొంగ సాండ్‌బాక్స్‌ను తయారుచేసి అదే నిజమైనదని ఫైర్‌జైల్‌ను నమ్మించగలడు. అలా లోపలికి చేరినవాడికి కొత్త అధికారాలు పొందకుండా ఉండాల్సిన అడ్డు ఉండదు, ఫైళ్ల అమరిక మాత్రం అతని చేతిలోనే ఉంటుంది. అక్కడినుంచి 'సు', 'సుడో' లాంటివాటిని మోసగించి రూట్ అయిపోవచ్చు. 0.9.70 వెర్షన్‌లో దీన్ని సరిచేశారు.

అంటే ఏమిటి? ఆ సవరణ అందని యంత్రంలో ఫైర్‌జైల్ ఉండటం కంటే లేకపోవడమే మేలు. ఫైర్‌జైల్ లేకపోతే దాడిచేసేవాడు ఒక యూజర్ ఫైళ్ల వరకు రాగలడు. పాత ఫైర్‌జైల్ ఉంటే మొత్తం యంత్రమే అతని చేతికి పోవచ్చు. రక్షణ సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ అధికారం ఇవ్వక తప్పదు, ఎక్కువ అధికారం ఉన్నదాని మీద ఎక్కువ కన్నేసి ఉంచక తప్పదు. అందుకే సాండ్‌బాక్స్ ఇన్‌స్టాల్ చేసుకోవడాన్ని నేను ఒక సౌకర్యం తెచ్చుకోవడంగా చూడను. ఒక బాధ్యత తలకెత్తుకోవడంగా చూస్తాను.

రూట్ అధికారం అక్కర్లేని మార్గం లేదా అంటే, ఉంది. యూజర్ నేమ్‌స్పేస్‌ల మీద నడిచే బబుల్‌రాప్ పద్ధతి అదే. కాని దానికీ చిక్కులున్నాయి. మామూలు యూజర్‌కు నేమ్‌స్పేస్ ఇవ్వడమంటే కెర్నెల్‌లో ఇదివరకు రూట్ తప్ప ఎవరూ తాకని కోడును అందరికీ అందుబాటులో పెట్టడమే. అందుకే డెబియన్ అనే లైనక్స్ డిస్ట్రో చాలాకాలం దాన్ని ఆపి ఉంచి, 2021లో వచ్చిన 11వ విడుదలలో తెరిచింది. ఉబుంటు 24.04 దానికి ఎదురుదిశలో వెళ్లి, ఆప్‌ఆర్మర్ ప్రొఫైల్ ఉన్న ప్రోగ్రాములకే ఆ సౌకర్యం ఇస్తానంది. 2025 మార్చిలో క్వాలిస్ పరిశోధకులు ఆ ఆంక్షను తప్పించుకునే మూడు మార్గాలు చూపించారు. ఇద్దరిలో ఎవరిది సరైన నిర్ణయమో తేల్చడం నా ఉద్దేశం కాదు. రెండూ ఆలోచించి తీసుకున్న నిర్ణయాలే. ఏది ఎంచుకున్నా దాన్ని ఏటేటా మళ్లీ పరిశీలించుకోవలసి వస్తోందన్నదే ఇక్కడ గమనించవలసింది. ఒకసారి తేల్చేసి పక్కన పెట్టే ప్రశ్న కాదిది.

ఇక అప్‌డేట్ అన్న పని దగ్గరికి వద్దాం. బయటినుంచి చూస్తే అది ఒక బటన్. దగ్గరికి వెళితే నాలుగు వేరువేరు సంగతులు. మొదటిది, సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి వస్తోంది. డెబియన్ స్టేబుల్‌లో వెర్షన్ సంఖ్య ఏళ్ల తరబడి మారదు. భద్రతకు సంబంధించిన సవరణను మాత్రం పాత వెర్షన్‌లోకే తెచ్చి అతుకుతారు. కాబట్టి సంఖ్య పాతదిగా కనిపించినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు, ఆ ప్యాకేజీ మార్పుల పట్టీలో సవరణ ఉందో లేదో చూసుకోవాలి. ఉబుంటులో ఫైర్‌జైల్ ఉండేది 'యూనివర్స్' విభాగంలో. ప్రధాన విభాగానికి అందే భద్రతా సవరణల హామీ దానికి మామూలుగా ఉండదు, ఉబుంటు ప్రో తీసుకుంటే ఉంటుంది. సొంత వాడకానికి 5 యంత్రాల వరకు ప్రో ఉచితం. చాలామందికి ఇది తెలియదు. రోజూ అప్‌డేట్లు వస్తున్నాయి కదా అని కాపలా ప్రోగ్రాముకు కూడా వస్తున్నాయనే అనుకుంటారు.

రెండోది, సాఫ్ట్‌వేర్ మారినా నియమాలు మారకపోవడం. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతూ తన ల్యాప్‌టాప్‌లో డెబియన్ వాడుతున్నాడు. ఒకరోజు ఫోన్ చేసి, "మామయ్యా, అప్‌డేట్ మధ్యలో ఆగి ఏదో అడుగుతోంది. వై కొట్టాలా, ఎన్ కొట్టాలా?" అన్నాడు. ఫైర్‌జైల్ సెట్టింగుల ఫైలు ఒకదాన్ని వాడు ఎప్పుడో తన అవసరానికి మార్చుకున్నాడు. ఇప్పుడు ప్యాకేజీతో పాటు ఆ ఫైలు కొత్త ప్రతి వచ్చింది. నీది ఉంచమంటావా, మాది పెట్టమంటావా అని డెబియన్ మర్యాదగా అడుగుతోంది. ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే పాతదే ఉంటుంది. "రెండూ కొట్టకురా, ముందు డీ కొట్టు" అన్నాను. డీ కొడితే పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ తేడా చూపిస్తుంది. వాడు మార్చుకున్నది ఒక్క లైను. కొత్తగా వచ్చినవి చాలా లైన్లు. ఎంటర్ కొట్టి ఉంటే ప్రోగ్రాము కొత్తదయ్యేది, నియమాలు పాతవే మిగిలేవి, అప్‌డేట్ విజయవంతమైందన్న సందేశం మాత్రం వచ్చేది.

ఈ చిక్కుకు ఫైర్‌జైల్ రాసినవాళ్లు ముందే మంచి ఏర్పాటు చేశారు. ప్రొఫైల్ అసలు ఫైలును ముట్టుకోకుండా, అదే పేరుతో 'లోకల్' అన్న తోకతో ఒక చిన్న ఫైలు పెట్టి మన మార్పులు అందులో రాసుకోవచ్చు. అసలు ఫైలు వాళ్ల చేతిలో కొత్తదవుతూ ఉంటుంది, మన మాట మన ఫైలులో నిలుస్తుంది. దీనికి బదులు కొందరు మొత్తం ప్రొఫైల్‌ను తమ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని దిద్దుకుంటారు. ఫైర్‌జైల్ ముందు చూసేది ఆ కాపీనే. ఆ రోజు నుంచి అసలు ప్రొఫైల్‌లో వచ్చే ఏ సవరణా ఆ ప్రోగ్రాముకు వర్తించదు. మేనల్లుడి చేత ఆ ఒక్క లైనును లోకల్ ఫైలులో రాయించి, కొత్త ప్రొఫైల్‌కు వై కొట్టించాను.

మూడోది, ఫ్లాట్‌పాక్ యాప్‌ల కింద ఉండే రన్‌టైమ్‌లు. యాప్ కొత్తదే అయినా అది ఆధారపడ్డ రన్‌టైమ్‌కు గడువు తీరిపోయి ఉండవచ్చు. గ్నోమ్ రన్‌టైమ్‌లకు దాదాపు ఏడాది, ఫ్రీడెస్క్‌టాప్ రన్‌టైమ్‌లకు దాదాపు రెండేళ్లు ఆయుష్షు. ఆ తర్వాత వాటిలోని లైబ్రరీలకు సవరణలు రావు. 2023 సెప్టెంబరులో బొమ్మలను చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో పెద్ద లోపం బయటపడినప్పుడు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వెంటనే సవరించుకున్నాయి. కాని ఆ లైబ్రరీ ఎన్నో యాప్‌ల కడుపులో విడివిడి కాపీలుగా ఉంది. గడువు తీరిన రన్‌టైమ్‌ను వాడుతున్నామని 'ఫ్లాట్‌పాక్ అప్‌డేట్' కమాండ్ ఒక లైనులో చెబుతుంది. ఏదైనా యాప్ ఇదివరకు లేని అనుమతులు అడుగుతుంటే అదీ చెబుతుంది. ఆ లైన్లు చదవడం అప్‌డేట్‌లో భాగమే. నాలుగోది, నడుస్తున్న ప్రోగ్రామును మూసి తెరవడం. డిస్కు మీద కొత్తది వచ్చినా మెమరీలో నడుస్తున్నది పాతదే. వారాల తరబడి మూయని బ్రౌజర్‌కు ఎన్ని అప్‌డేట్లు వచ్చినా అది వాటిని చూడనే లేదు.

ఇంత చెప్పాక, అప్‌డేటే ప్రమాదమైతే ఏమిటి అన్న ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీసి, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని లోకానికి చెప్పాడు. ప్రతి అప్‌డేట్‌నూ వచ్చిన వెంటనే తీసుకునే డిస్ట్రోల్లోకి ఆ వెర్షన్లు చేరిపోయాయి. డెబియన్ స్టేబుల్‌లోకి చేరలేదు. ఆలస్యం వాళ్లను కాపాడింది. ఈ ఉదాహరణ చూపి అప్‌డేట్ చేసుకోకపోవడమే మేలు అనేవాళ్లు ఉన్నారు.

ఆ వ్యవహారంలో నేను మరువలేని చిన్న వివరం ఒకటుంది. ఎక్స్‌జెడ్‌కు లాండ్‌లాక్ సాండ్‌బాక్స్ ఉంది. కంపైల్ చేసేటప్పుడు ఆ యంత్రంలో లాండ్‌లాక్ పనిచేస్తుందో లేదో చూడటానికి ఒక చిట్టి పరీక్ష ప్రోగ్రాము ఉంటుంది. అది కంపైల్ అయితే సాండ్‌బాక్స్ పెడతారు, కాకపోతే లేదనుకుని వదిలేస్తారు. ఆ పరీక్షలో, లైను మొదట్లో, ఎవరో ఒక చుక్క పెట్టారు. ఒకే ఒక్క ఫుల్‌స్టాప్. దానితో ఆ పరీక్ష ఏ యంత్రంలోనూ కంపైల్ కాదు. ఏ యంత్రంలోనూ సాండ్‌బాక్స్ రాదు. ఎక్కడా ఎర్రర్ కనిపించదు. సీమేక్ అనే ఒక పద్ధతిలో కట్టినప్పుడే ఇది వర్తిస్తుంది, డిస్ట్రోలు ఎక్కువగా వాడేది వేరే పద్ధతి, కాబట్టి జరిగిన నష్టం తక్కువ. అయినా దొంగదారి పెట్టేవాడు సాండ్‌బాక్స్‌ను ఊడబీకే పని కూడా పెట్టుకున్నాడంటే, అది అతనికి అడ్డమని తెలిసే కదా. మర్నాడు, మార్చి 30న, ఆ ప్రాజెక్టును మొదటినుంచీ నడిపిస్తున్న లాసె కొలిన్ ఆ చుక్కను తీసేశాడు.

ఆ చుక్క పోయినదీ ఒక అప్‌డేట్ ద్వారానే. అదే నా జవాబు. చెడ్డ అప్‌డేట్ వచ్చిందన్న భయంతో అప్‌డేట్లు ఆపేస్తే చెడ్డది ఉన్నచోటే ఉండిపోతుంది. కావలసింది ఆపడం కాదు, ఎవరి చేతుల మీదుగా వస్తోందో ఎంచుకోవడం. నేను డెబియన్ స్టేబుల్ ఎంచుకున్నది అందుకే. సవరణ అక్కడ పరీక్షకు నిలబడి, మరికొందరి కళ్లముందు నుంచి నడిచి నా దగ్గరికి వస్తుంది. భద్రతా సవరణలు మాత్రం తమంతట తాము దిగేలా పెట్టాను. మిగతావి నేను చదివి ఒప్పుకుంటాను. తొందరకూ నిర్లక్ష్యానికీ మధ్య ఇదొక నడవదగ్గ దారి అని నా నమ్మకం.

ఈ నమ్మకం వెనుక మనుషులున్నారు. వెయ్యి ప్రొఫైళ్లు రాసినవాళ్లలో ఎక్కువమంది జీతం లేకుండా, తీరిక సాయంత్రాల్లో రాసినవాళ్లే. ఒక డిస్ట్రోలో ఫైర్‌జైల్ ప్యాకేజీని చూసుకునేది ఒకరో ఇద్దరో. వాళ్లు చేసిన పని మన యంత్రానికి చేరడానికి మన వంతు అర నిమిషం చాలు. ఆ అర నిమిషం ఇవ్వకపోతే వాళ్ల శ్రమ మన గుమ్మం బయటే ఆగిపోతుంది. ఎక్కడో ఒక ప్రొఫైల్ పాతబడి ప్రోగ్రాము మొరాయిస్తే, సాండ్‌బాక్స్ తీసేసి ఊరుకోకుండా ఏం జరిగిందో వాళ్లకు రెండు ముక్కలు రాయగలిగితే ఇంకా మంచిది. మన తెలుగు ఫాంటు కనిపించకపోవడం, తెలుగు టైపింగ్ పనిచేయకపోవడం లాంటివి మనం చెప్పకపోతే చెప్పే నాథుడు లేడు.

మన ఇళ్లలో లైనక్స్ వేసి ఇచ్చేది చాలావరకు ఒకరే. అన్నయ్యో, మేనమామో, పక్కింటి ఇంజనీరో. పాత కంప్యూటర్‌కు ప్రాణం పోసి, వైరస్‌ల బెడద ఉండదని ధైర్యం చెప్పి, బ్రౌజర్‌ను సాండ్‌బాక్స్‌లో పెట్టి, పెదనాన్నకో అత్తయ్యకో ఇచ్చి వస్తాం. ఇచ్చిన రోజున ఆ మాట నిజమే. ఆ మాటను నిజంగా నిలపవలసింది ఎవరన్నది అక్కడ ఎవరూ అడగరు. అడగవలసింది వాళ్లు కాదు, మనం. ఇన్‌స్టాల్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. రెండేళ్ల తర్వాత దీన్ని కొత్తగా ఉంచేది ఎవరు? నేనే అనగలిగితే వేయాలి. డిస్ట్రో తనంతట తానే చూసుకుంటుందని తేల్చుకోగలిగితే వేయాలి. జవాబు దొరకకపోతే, అదనపు రక్షణ ఏదీ పెట్టకుండా, తనను తాను కొత్తగా ఉంచుకునే మంచి బ్రౌజర్ ఒకటి ఇచ్చి రావడమే నిజాయితీ. ఎందుకంటే కాపలా లేదని తెలిసినవాడు జాగ్రత్తగా ఉంటాడు. కాపలా ఉందనుకుని నిద్రపోయేవాడికి మనం చేసింది ఉపకారం కాదు.